ఏడు నిమిషాల అద్దం

బస్సు అద్దం కడగడం కూడా ఒక విద్యేనా అని మూతి విరిచేవాళ్లుంటారు. ఉండనివ్వండి. వాళ్లెవరూ పొద్దున్న ఐదింటికి తడి ర్యాంపు మీద స్టూలెక్కి, చంకలో రబ్బరు వైపరు ఇరికించుకుని, తమకంటే పెద్ద గాజుపలకతో కుస్తీ పట్టి ఎరగరు. ముప్పై అయిదేళ్లుగా ఆ కుస్తీ పడుతున్న మనిషి ఒకావిడ ఉంది. డిపోలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అద్దాలక్క. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

డిపో వెనక, డీజిల్ బంకు పక్కన కడిగే ర్యాంపు. దాని గోడ మీద నీలం రంగుతో ఒక బోర్డు రాసి ఉంది. "ముందు అద్దం: ఏడు నిమిషాలు." ఆ ఏడు అద్దాలక్క చలవే. ఒకప్పుడు బస్సుకి పాతిక నిమిషాలు పట్టే పనిని ఏడుకి దించిన ఘనత ఆమెది. గోనెసంచిని గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచి అద్దం మీద దుప్పటిలా కప్పాలి. అరవై దాకా లెక్కపెట్టాలి. సంచిని ఒక్క లాగు లాగి, మణికట్టు తిప్పుతూ వైపరుని పైనుంచి కిందికి ఒకే ఊపులో దించాలి. ఇంతే కిటుకు. పైఆఫీసు వాళ్లు దీన్ని బొమ్మలతో సహా అచ్చేయించి అన్ని డిపోలకీ పంపారు. ఆమెకి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఒకటిచ్చారు. అది వాళ్లింట్లో ముందుగదిలో, గడియారానికి జానెడు పైన వేలాడుతోంది. టైము చూడాలంటే దాన్ని చూడక తప్పదు. ఆమె కావాలనే అక్కడ మేకు కొట్టించింది లెండి.

గొప్పలు పోయే మనిషి అనుకునేరు. కాదు. కానీ మనిషన్నాక ఏదో ఒక్కటైనా నాది అని చెప్పుకోవడానికి ఉండాలి కదా. ఆమెకి ఆ ఏడు నిమిషాలే ఉన్నాయి. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతుంది. తను పోయినా బోర్డు ఉంటుందని ఒక ధీమా. మొదట్లో ఆ ర్యాంపు మీద ఎనిమిదిమంది పనిచేసేవారు, ఇప్పుడు ముగ్గురే మిగిలారు. పని తేలికైంది కాబట్టి, రిటైరైనవాళ్ల చోట కొత్తవాళ్లని తీసుకోలేదు.

ఇక అసలు సంగతికొద్దాం. ఆ ఏడాది ఆమె తమ్ముడి కూతురు అదే ర్యాంపు మీద పనికి చేరింది. ఇద్దరు పిల్లల తల్లి. గట్టి మనిషి, నోరు కాస్త తక్కువ. అంతకుముందు పనిచేసిన లాండ్రీ మూతపడి, నాలుగు నెలలు ఖాళీగా ఉండి, నానా అవస్థా పడి ఇక్కడికొచ్చింది. ఆరు నెలలు తాత్కాలికం. రిజిస్టరు బాగుంటే పర్మనెంటు, లేదంటే ఇంటికి. అద్దాలక్కే మేనేజరు దగ్గరికెళ్లి, "నా మేనకోడలు సార్, నా చెయ్యే దానిదీ" అని పూచీ పడింది.

అయిదు నెలలు ఏ పేచీ లేకుండా నడిచాయి. ఆరో నెలలో వంతెన బస్సు మొదలైంది. ఊరికి ముప్పై మైళ్ల అవతల ఏటి మీద కొత్త వంతెన కట్టారు. ఆ రూట్లో ఒకే ఒక్క బస్సు. సాయంత్రం బయల్దేరి, పొద్దు వాలే వేళకి వంతెన దాటి, అవతలి ఊళ్లో నిద్ర చేసి, పొద్దున్న ఆరున్నరకి డిపోకి వస్తుంది. మళ్లీ ఏడుంపావుకి ఇంకో సర్వీసు మీద వెళ్లిపోవాలి. ఈ మధ్యలో దాన్ని కడగడం మేనకోడలి వంతు. మొదటి వారం ఫరవాలేదు. రెండో వారంలో, నాలుగు చినుకులు పడ్డాక, రిజిస్టర్లో అంకెలు పిచ్చెక్కినట్టు పెరిగాయి. ముప్పై ఎనిమిది. నలభై ఒకటి. నలభై అయిదు. నాలుగు రోజులు బస్సు ఆలస్యంగా కదిలింది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆయన గదికున్న ఒకే ఒక్క కిటికీ సైకిల్ స్టాండు వైపు తెరుచుకుంటుంది. ర్యాంపు మీద ఏం జరిగినా ఆయనకి అంకెలుగానే చేరుతుంది. అద్దాలక్కని పిలిపించి రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు.

"ఏమ్మా, మీ చెయ్యే అన్నారు. ఏడు నిమిషాల పనికి నలభై అయిదా? అడిగితే పురుగులండీ అంటుంది. పురుగులు ఈ ఒక్క బస్సుకేనా ఉండేది? ఆమె ఫైలు వచ్చే సోమవారం పైకి పంపాలి. ఇలాగే ఉంటే నేను వద్దనే రాయాల్సొస్తుంది. పైగా అదే సోమవారం పదకొండు డిపోల నుంచి మీ పని చూడటానికి మనుషులొస్తున్నారు. సొంత మేనకోడలికే నేర్పలేకపోయిందంటే బాగుంటుందా చెప్పండి."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆఫీసు మెట్లు దిగి నేరుగా ర్యాంపు దగ్గరికొచ్చి మేనకోడల్ని దులిపేసింది.

"ఏమే, అద్దం కడుగుతున్నావా, దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని జోల పాడుతున్నావా?"

"నువ్వు చెప్పినట్టే చేస్తున్నా అత్తా. సంచి కప్పుతున్నా, అరవై లెక్కపెడుతున్నా."

"లెక్క కాదే, చెయ్యి తిరగాలి. రేపు నేనొస్తా. కళ్లు పెద్దవి చేసుకుని చూడు."

మర్నాడు ఆరున్నరకి వంతెన బస్సు గేటు దాటి లోపలికొచ్చింది. అద్దాలక్క చేతులు పైకి మడుచుకుని నిలబడింది. బస్సు ర్యాంపెక్కి ఆగింది. ఆమె తలెత్తి చూసింది.

గాజు కనబడలేదు. వైపర్లు తిరిగిన చోట రెండు అరచందమామలు మాత్రం మసగ్గా ఉన్నాయి. మిగతా అంతా పురుగులే. సన్నటి రెక్కలు, పొడుగాటి తోకలు, ఒకదాని మీద ఒకటి, గోడకి తాపడం చేసినట్టు ఎండి అతుక్కుపోయి ఉన్నాయి. ఉసుళ్లలా ఉన్నాయిగానీ ఉసుళ్లు కావు. హెడ్‌లైట్లు పూడిపోయాయి. నంబరు పలక మీద నంబరు లేదు.

"సంచి ఇలా తే" అంది, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా. కప్పింది. అరవై లెక్కపెట్టింది. లాగింది. సంచికి కొన్ని అంటుకొచ్చాయి, అద్దం మాత్రం అలాగే ఉంది. మళ్లీ కప్పింది. వైపరు దించితే జానెడు జారి అక్కడే మొరాయించింది. టైమ్‌కీపరు గడియారం చూస్తున్నాడు. ఏడో నిమిషానికి ఆమె శుభ్రం చేసింది ఒక అరచెయ్యంత. గీకుడు రేకు కావాలని గుర్తొచ్చింది. ఆ రేకు ఎక్కడుందో గుర్తురాలేదు. మేనకోడలు సామాన్ల గదిలో వెతికి, పైఅరలో తుప్పు పట్టి ఉన్నదాన్ని పట్టుకొచ్చింది. రేకు గాజు మీద ఆనగానే తడిసిన పురుగుల్లోంచి ఒక వాసన లేచింది. ఏటి బురద వాసనలాంటిది, కొంచెం పచ్చి, కొంచెం ఉప్పు.

ఆ వాసన తగలగానే ఆమె చెయ్యి ఆగింది. ఈ వాసన తనకి తెలుసు. ఇరవై రెండేళ్ల వయసులో ఈ పనికొచ్చినప్పుడు ఇది తన చేతుల్నీ జుట్టునీ వదిలేది కాదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతే అడ్డొచ్చేది. అలాంటి దాన్ని ఎప్పుడు మర్చిపోయిందో ఆమెకే తెలియలేదు.

ఇంతలో రెక్కల చప్పుడు. ర్యాంపు కింద కాలవ గట్టు మీద గోరింకలు వాలాయి. పది, పాతిక, నలభై. గీకి పారేసిన పురుగుల కోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. "ఈ వారం రోజుల్నుంచీ వస్తున్నాయత్తా" అంది మేనకోడలు. ఒకప్పుడు ఈ కాలవ దగ్గర గోరింకలు పొద్దున్నే వరస కట్టేవి. వాటికీ కప్పలకీ మధ్య తగువులు జరిగేవి. అవి రావడం ఎప్పుడు మానేశాయో కూడా ఆమె గమనించలేదు.

నలభై మూడు నిమిషాలు పట్టింది. టైర్ల సెక్షన్లోంచి ఎవడో, "అక్కా, సంచి పాతబడిందా, చెయ్యి పాతబడిందా?" అని అరిచాడు. పదిమందీ నవ్వారు. ఆమె నవ్వలేదు, తిట్టనూ లేదు. అలా ఊరుకోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరికీ వడ్డించి కూర్చుంది. భర్త అదే డిపోలో రేడియేటర్ మెకానిక్‌గా చేసి మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. మాట తక్కువ, అన్నది మాత్రం సూటిగా తగులుతుంది. ఆమె జరిగిందంతా చెప్పి, "ముసలిదాన్నైపోయానండీ. చెయ్యి పోయింది" అంది.

ఆయన నింపాదిగా నీళ్లు తాగి, "ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకూడదు మరి" అన్నాడు.

"అడగండి."

"నేను చేరిన కొత్తల్లో ప్రతి బస్సుకీ వారానికోసారి ఇంజను ముందుండే రేడియేటర్ జాలీని గాలి కొట్టి ఊదేవాణ్ణి. పురుగులు పట్టి మూసుకుపోయేది. ఊదకపోతే ఇంజను ఉడికిపోయేది. పోను పోను నెలకోసారి చాలింది. నేను దిగిపోయేనాటికి ఆర్నెల్లకోసారి, అదీ దుమ్ము కోసం. నీ గోనెసంచి అద్దం మీద కప్పావు సరే. నా జాలీ మీద ఎవరు కప్పారే?"

ఆమె చేతిలో ముద్ద కంచంలో వదిలేసి ఆయన వైపు తిరిగింది.

"నాకెవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు కాబట్టి నేనంత ఆలోచించలేదనుకో" అన్నాడాయన, కంచం తీసుకుని లేస్తూ.

ఆమె కళ్ల ముందు పాత అద్దాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. అప్పట్లో అద్దం చూసి అది ఏ రూట్ బస్సో చెప్పేసేది. తూనీగ రెక్కలుంటే చెరువు రూటు. పచ్చదోమా మిడతలూ ఉంటే పొలాల రూటు. బూడిదరంగు పొడి రాలే పెద్దపెద్ద దీపప్పురుగులుంటే తోటల రూటు. అడవి పక్క నుంచి వచ్చే బస్సు చీకటి పడుతుండగా డిపో చేరితే, అద్దం మీద మిణుగురుల మెరుపు ఇంకా ఆరకుండా పచ్చగా మినుకుమినుకుమనేది. అది చూడటానికి కడిగేవాళ్లంతా చీపుర్లు పక్కన పడేసి గుమిగూడేవారు. ఆ చెరువు ఉన్నచోట ఇప్పుడు గోడౌన్లు. ఆ తోటలు ఇళ్ల ప్లాట్లు. పొలాలు ఉన్నాయిగానీ అటు బస్సు వెళితే పురుగుమందు వాసన వస్తుంది, మిడత మాత్రం రాదు. ఇదంతా ఆమె చేతుల మీదుగానే జరిగింది. ఒక్కో ఏడూ ఒక్కో నిమిషం తగ్గుతుంటే, ఆహా నా చెయ్యి ఎంత తిరిగిందో అని మురిసిపోయింది. పని తగ్గితే ఎందుకు తగ్గిందని ఎవరడుగుతారు? మన తెలివేనంటే ఎంత సుఖంగా ఉంటుందో!

సిగ్గు, దిగులు, కోపం అన్నీ కలిసొచ్చాయి. వాటన్నిటినీ తోసుకుని ఇంకోటి కూడా వచ్చింది. అయితే ఆ వంతెన దగ్గర ఏముంది?

మర్నాడు వంతెన బస్సు డ్రైవర్ని అదే అడిగింది. పాతికేళ్ల సర్వీసున్నవాడు, నవ్వు మొహం. "చెబితే నమ్మవక్కా. రేపు నీకు సెలవే కదా, బస్సెక్కు. ముందు సీటు ఆపిపెడతా" అన్నాడు.

శనివారం సాయంత్రం ఎక్కింది. ముప్పై అయిదేళ్లుగా బస్సు అద్దానికి బయటే పనిచేసిన మనిషి, దూర ప్రయాణంలో అద్దానికి లోపల, మొదటి సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఊరు దాటింది. గోడౌన్లు దాటాయి. ప్లాట్లు దాటాయి. గంటసేపు అద్దం మీద ఒక్క మచ్చ పడలేదు. ఆ శుభ్రతని చూస్తూ కూర్చోవడం ఆమెకి అంతకంతకూ కష్టమైంది.

సూర్యుడు చెట్ల వెనక్కి జారుతుండగా ఏరు కనిపించింది. టిక్కుమని ఒక చప్పుడు. అద్దం మీద ఒక చిన్న చుక్క. మళ్లీ టిక్కు. ఆ తర్వాత లెక్క అందలేదు, వడగళ్లవాన మొదలైనట్టు. వెనక ప్రయాణికులు అలవాటుగా కిటికీలు దించేసుకున్నారు. ప్రతి చప్పుడుకీ ఆమె ఉలిక్కిపడింది. ఇన్నాళ్లూ పొద్దున్నే వచ్చి గీకేసిన ప్రతి మచ్చకీ ఇలాంటి చప్పుడు ఒకటి ఉండేదని ఆమెకి ఎన్నడూ తోచలేదు.

"ఆపు తమ్ముడూ" అంది.

డ్రైవరు వంతెన మొదట్లో బస్సు పక్కకి తీసి, లైట్లార్పి, "అయిదు నిమిషాలండీ, ఇంజను వేడెక్కింది" అని వెనక్కి ఒక కేక వేశాడు. అబద్ధమేం కాదు, నిజంగానే వేడెక్కింది. ఇద్దరూ దిగి వంతెన మీద కొంత దూరం నడిచారు.

ఎలా చెప్పాలి? కింద ఏరు కదులుతోందా, ఆకాశం కదులుతోందా తెలియలేదు. నీళ్ల మీద నుంచి పురుగులు లేస్తున్నాయి. జల్లెడ పట్టిన పిండి కిందికి రాలకుండా పైకి పోతున్నట్టు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా. ఒక్కోటి నీటిపైకి తేలి, పాత చర్మం అక్కడే విడిచి, తడి రెక్కలు ఒక్కసారి విదిలించి లేచిపోతోంది. పైన అవన్నీ కలిసి ఒక్కసారి లేస్తాయి, ఒక్కసారి దిగుతాయి, మళ్లీ లేస్తాయి. పడమటి ఎరుపు ఆ రెక్కలన్నిటి గుండా వస్తోంది. వాటి మధ్య పిచ్చుకలంతేసి పిట్టలు గాలిని కోస్తున్నట్టు దూసుకుపోతున్నాయి. కింద చేపలు నోళ్లు తెరుచుకుని ఎగురుతున్నాయి, నీళ్లన్నీ టపటపమంటున్నాయి. గట్టు మీద కప్పల గోల సరేసరి. చల్లటి రెక్కలు ఆమె చెంపలకి తగిలాయి. చేతుల మీద వాలాయి. కుట్టలేదు, కరవలేదు. ఊరికే కాసేపు కూర్చుని లేచిపోయాయి.

"వాటికి నోరే ఉండదట అక్కా" అన్నాడు డ్రైవరు, గొంతు తగ్గించి. "ఏళ్ల తరబడి నీళ్లడుగున పురుగుల్లా బతుకుతాయట. రెక్కలొచ్చాక ఒక్క సాయంత్రమే. తినడానికి టైము లేదు, అందుకని నోరు లేదు. గట్టు మీద చేపలు పట్టే ముసలాయన చెప్పాడు. ఏటికి ఎగువన రంగుల ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లూ ఏరు రోజుకో రంగులో పారేదట, ఒక్కటీ ఉండేది కాదట. అది మూసి పదేళ్లయింది. ఇప్పుడు తిరిగొచ్చాయి."

ఆమె చేతి మీద వాలినదాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. ఇంత ఉండేదా? ఇంత ఉండేదని తనకి రోజూ పొద్దున్నే ఎవరో చిట్టీ రాసి పంపుతున్నట్టు అద్దం మీద కనిపిస్తూనే ఉండేది కదా. తను దాన్ని చదవకుండా కడిగేసింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, తలెత్తి చూడటం మాత్రం మానలేదు. అంత అందాన్ని ఆమె జన్మలో చూడలేదు.

"ఎన్నిటిని చంపాం తమ్ముడూ మనం?"

"బస్సు చంపింది చెంచాడు అక్కా. చెరువులు పూడ్చి, మందులు కొట్టి, ఏరు పాడుచేసి చంపింది బానెడు. చెంచాడే నీకు కనిపించింది" అన్నాడతను.

ఆదివారమంతా ఆమె ఇంట్లో ఆ గది నుంచి ఈ గదికి తిరిగింది. సంగతి తేటతెల్లంగానే ఉంది. మేనకోడలి తప్పు లేదని చెప్పాలంటే, తన గొప్ప కూడా లేదని చెప్పాలి. నిజం చెబితే బోర్డు పోతుంది, పేరు పోతుంది. చెప్పకపోతే రెండు పసికందులున్న ఇంట్లో జీతం పోతుంది. పోనీ మేనేజరు గదిలో మెల్లగా చెబితే? "మేనకోడల్ని వెనకేసుకొస్తున్నారు" అంటాడు, అంతే. అందరి ముందూ చెయ్యాల్సిందే. సాయంత్రానికి డ్రైవరుకి కబురు పంపింది. రేపు వంతెన బస్సుని కడగకుండా ఉంచాలి, ఏడుంపావు సర్వీసుకి స్పేరు బస్సు తీసుకోవాలి.

సోమవారం పదింటికి పదకొండు డిపోల నుంచి పంతొమ్మిదిమంది కడిగేవాళ్లు వచ్చి ర్యాంపు చుట్టూ నిలబడ్డారు. అందరూ ఆడవాళ్లే, అందరివీ సబ్బుకి తెల్లబడిన వేళ్లే. మేనేజరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఊళ్లో తిరిగే బస్సొకటి ర్యాంపు మీద పెట్టించి, ఫోన్లో వీడియో తియ్యడానికి ఒకణ్ణి నిలబెట్టాడు.

"ఇది కాదు సార్" అంది అద్దాలక్క. "అదిగో, ఆ బస్సు."

"అదెందుకమ్మా ఇప్పుడు?"

"ఏడు నిమిషాలు చూపించాలంటే అదే కావాలి సార్."

ఆయనకి అర్థం కాలేదు. అందరి ముందూ వాదించడం బాగోదని ఊరుకున్నాడు. వంతెన బస్సు వచ్చి ఆగింది. ఆమె మేనకోడల్ని పక్కన నిలబెట్టుకుని సంచి కప్పింది. ఏడో నిమిషానికి గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. పదో నిమిషానికి ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు మొహం కందగడ్డ అయింది. వీడియో తీసేవాడు ఫోను దించేశాడు. ఆమె ఆగలేదు, తొందరపడలేదు. అత్తా మేనకోడలూ చెరోపక్క నుంచి గీకుతున్నారు. పదిహేనో నిమిషానికి తడి వాసన ర్యాంపంతా కమ్మింది. అప్పుడు నవ్వులు ఆగిపోయాయి.

గుంపులో అందరికంటే పెద్దావిడ, వీపు కాస్త వంగినది, ముందుకొచ్చి అద్దం మీద చెయ్యి పెట్టింది. ఒక రెక్కని వేలి కొసకి అంటించుకుని వెలుగులో చూసింది.

"ఇవి ఇంకా ఉన్నాయా?" అంది.

అద్దాలక్క స్టూలు మీద నుంచే మేనేజరు వైపు తిరిగింది.

"సార్, ఏడు నిమిషాలు నా చేతి చలవ కాదు. పురుగులు తగ్గాయి, పని తగ్గింది. నేను అది నా గొప్పనుకున్నాను, మీరు సర్టిఫికెట్ ఇచ్చారు. పురుగులున్న అద్దానికి నాకూ నలభై నిమిషాలే, నా మేనకోడలికీ నలభై నిమిషాలే. నా మాట వద్దు, ఇప్పటి రేడియేటర్ మెకానిక్‌ని అడగండి. రేడియేటర్ జాలీల మీద నేనేమీ గోనెసంచి కప్పలేదు కదా."

మేనేజరు మెకానిక్‌ని పిలిచాడు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, మిగతా బస్సులకి ఆర్నెల్లకోసారి సర్వీసింగప్పుడే జాలీ ఊదుతాననీ, వంతెన బస్సుకి మాత్రం మూడు రోజులకోసారి ఊదక తప్పడం లేదనీ, లేకపోతే ఇంజను ఉడికిపోతోందనీ చెప్పాడు.

అప్పుడు ఆ వీపు వంగిన పెద్దావిడ నెమ్మదిగా అంది. "నాకూ ఇచ్చారమ్మా మా డిపోలో. స్టీలు క్యారేజీ. బూడిదతో రుద్ది ఎనిమిది నిమిషాల్లో తేల్చేదాన్నని."

"నాది పాత పేపర్ల కిటుకు. ఏడున్నర" అంది ఇంకొకామె.

"మా డిపోలో నేనే ఫస్టు. కిరసనాయిలు చుక్కేసేదాన్ని" అని మూడో ఆమె. ఆ వెనక నుంచి ఇంకొకరు, ఆ పక్క నుంచి ఇంకొకరు. ఒకరిది నిమ్మచెక్క, ఒకరిది వేణ్ణీళ్లు. ప్రతి డిపోలోనూ ఒక కిటుకు, ఒక బహుమతి, గోడ మీద ఒక అంకె. చెప్పేకొద్దీ గొంతులు తగ్గిపోయాయి. పదకొండు డిపోలు, ఎన్నో వందల రోడ్లు, అన్నిటి మీదా ఒకే సంగతి జరిగింది. జరుగుతుంటే అన్ని చోట్లా ఒక్కో ఆడమనిషి తన చేతిని చూసుకుని మురిసింది. అద్దాలక్క తనొక్కతే తెలివితక్కువదాన్నని నాలుగు రోజులుగా కుమిలిపోయింది. ఇప్పుడు ఆ కుమిలిపోవడం కూడా చిన్నదైపోయింది, పోయినదాని కొలత అంత పెద్దది.

మేనేజరు చాలాసేపు అద్దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కిటికీలోంచి అది ఎప్పుడూ కనిపించలేదు మరి. చివరికి, "అయితే గోడ మీద ఆ బోర్డు చెరిపించాలి, దానికి పైకి రాయాలమ్మా. అప్పుడు మీ సర్టిఫికెట్‌కి అర్థం ఉండదు" అన్నాడు.

"రాయండి సార్."

"మళ్లీ ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చాను. ముందు నా మేనకోడలి ఫైలు సంగతి చూడండి."

ఆయన ర్యాంపు మీదే, బస్సు బంపరు మీద కాగితం పెట్టుకుని, మేనకోడలి ఫైలు మీద పర్మనెంటుకి సిఫార్సు రాసి సంతకం పెట్టాడు. తడి తగిలి సిరా కొంచెం పాకింది. మేనకోడలు గీకుడు రేకు తీసుకుని మిగిలిన సగం అద్దం పని మొదలుపెట్టింది.

పంతొమ్మిదిమందికీ మధ్యాహ్నం బస్సులకి టికెట్లు తీసి ఉన్నాయి. ఎవరూ వెళ్లలేదు. వీపు వంగిన పెద్దావిడ డ్రైవరు దగ్గరికెళ్లి, "ఆ వంతెనకి బస్సెన్నింటికి బాబూ?" అని అడిగింది. అంతే, మిగతావాళ్లూ చుట్టూ చేరారు.

ఆ సాయంత్రం వంతెనకి ఫర్లాంగు ముందే డ్రైవరు బస్సు ఆపి లైట్లార్పేశాడు. బస్సులు కడిగే ఆడవాళ్లందరూ దిగి నడిచారు. దారంతా అద్దాల గురించీ, జీతాల గురించీ, మొగుళ్ల గురించీ హోరెత్తించినవాళ్లు వంతెన మీదికి రాగానే మాట్లాడటం మానేశారు. ఏరు లేచింది. అవును, ఏరే లేచినట్టుంది, రెక్కలు కట్టుకుని. పెద్దావిడ వంగిన వీపుని బలవంతాన నిటారు చేసుకుని తలెత్తి చూస్తోంది. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె రెండు చేతులూ చాచి నిలబడితే మోచేతుల దాకా అవి వాలాయి.

మేనకోడలు వచ్చి అత్త పక్కన నిలబడింది. కాసేపయ్యాక మెల్లగా, "నా మూలాన నీ పేరు పోయింది కదత్తా" అంది.

అద్దాలక్క భుజాల మీద, జుట్టు మీద, కనురెప్పల మీద కూడా వాలి ఉన్నాయవి. ఎగిరిపోతాయేమోనని ఆమె కదలకుండా జవాబిచ్చింది.

"పోతే పోయిందే. ఇవి పోకుండా ఉంటే అదే పదివేలు."